సర్వీసులు కొనుక్కుంటే వచ్చేవి కావు

సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌ఓఏ) అంటే పెద్ద సాఫ్ట్‌వేర్‌ను ఒకే ముద్దగా కట్టకుండా వ్యాపారంలోని ఒక్కో పనికి ఒక్కో సర్వీసు రాసి, అవి నెట్‌వర్క్ మీద ఒకదాన్నొకటి పిలుచుకునేలా అమర్చడం. 1996లో గార్ట్‌నర్ విశ్లేషకులు ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. ఆలోచన అప్పుడూ మంచిదే, ఇప్పుడూ మంచిదే. దాన్ని అమ్మిన తీరే చేటు చేసింది.

2000లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరిబా కలిసి యూడీడీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. ప్రపంచంలోని సర్వీసులన్నీ ఒక బహిరంగ చిట్టాకెక్కుతాయనీ, ప్రోగ్రాము అందులో వెతికి తనకు కావలసినదాన్ని తానే ఎంచుకుంటుందనీ ఊరించారు. ఆ చిట్టా 2006 జనవరిలో మూతపడింది. ధర ఎంత, సర్వీసు ఆగితే నష్టం ఎవరు భరించాలి, అవతలి సంస్థను నమ్మవచ్చా అన్నవి మనుషులు కూర్చుని తేల్చుకునే సంగతులు. సర్వీసు వివరాలు రాసి ఉంచే ఎక్స్‌ఎంఎల్ ఫైలు వాటిని తేల్చలేదు.

సంస్థల లోపల ఆశలన్నీ సర్వీసుల మధ్య సందేశాలు చేరవేసే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్ మీద పెట్టుకున్నారు. లైసెన్సు కొంటే ఆర్కిటెక్చర్ వచ్చేసినట్టేనని చాలామంది నమ్మారు. వ్యాపార నియమాలు ఒక్కొక్కటే ఆ బస్‌లోకి చేరాక, చిన్న మార్పుకైనా ప్రతి టీమూ బస్ చూసే టీమ్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. 2009 జనవరిలో బర్టన్ గ్రూప్ విశ్లేషకురాలు ఆన్ థామస్ మేన్స్ ఎస్‌ఓఏ చనిపోయిందని రాశారు. అయితే సర్వీసుల అవసరం పోలేదని కూడా అందులోనే స్పష్టం చేశారు. ఆ రెండో మాటకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

ప్రచారంలో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. ఒక ఆర్డరు పూర్తవడానికి అలాంటివి పది కావాలి, ఒకదాని వైఫల్యానికి మరొకదానితో సంబంధం లేదు. అప్పుడు మొత్తం లభ్యత దాదాపు 99 శాతానికి పడిపోతుంది. ఏడాదికి సుమారు 9 గంటల అంతరాయం 87 గంటలవుతుంది. కాబట్టి టైమ్‌అవుట్లు, మళ్లీ ప్రయత్నించే పద్ధతి, ఒకే చెల్లింపు రెండుసార్లు పడకుండా చూసే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్‌ల వ్యాసంతో మైక్రోసర్వీసులు, అంటే విడివిడిగా రిలీజ్ చేసుకునే చిన్న సర్వీసులు, ప్రాచుర్యంలోకి వచ్చాయి. బరువైన బస్ పోయింది గానీ సరిహద్దు ఎక్కడ గీయాలన్న చిక్కు అలాగే ఉంది. సొంత డేటా, దాన్ని చూసుకునే సొంత టీమ్, మిగతావాటితో పనిలేకుండా రిలీజ్ చేసుకునే వీలు ఉన్నచోట విడదీయడం సబబు. రెండు సర్వీసులు ఒకే డేటాబేస్ టేబుల్‌లో రాస్తుంటే, ఒక కాలమ్ పేరు మార్చినా రెండూ ఆగిపోవచ్చు; వాటిని కలిపి ఉంచడమే మేలు.