తడి ఆరనివ్వకండి

మా మేడ మీద కుండీల తరగతికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "సాయంత్రానికి ఇంటికి పట్టుకెళ్లొచ్చా అండీ?" పట్టుకెళ్లొచ్చు. కాకపోతే అచ్చుతో సహా, పాలిథిన్ కవరు చుట్టి. మొక్క నాటాలంటే నెల పైనే ఆగాలంటే కొందరి ముఖాలు చిన్నబోతాయి.

మేం పోసేది ఉత్త కాంక్రీటు కాదు. కాంక్రీటైతే ఘనపు మీటరుకి దాదాపు 2,400 కిలోలు తూగుతుంది. మిద్దెతోటకి అంత బరువెందుకు? ఇంగ్లండులో కొండమొక్కలు పెంచేవాళ్లు రాతితొట్లకు బదులుగా సిమెంటులో పీట్ కలిపి తేలికైన తొట్లు పోసుకునేవారు. దానికి హైపర్‌టూఫా అని పేరు. పీట్ స్థానంలో మనకు కొబ్బరిపొట్టు ఉండనే ఉంది. సిమెంటు ఒక పాలు, పొట్టు ఒకటిన్నర, పెర్లైట్ ఒకటిన్నర. పొట్టును ముందురోజే నానబెట్టి, కడిగి, పిండి ఉంచుతాను.

చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు పెట్టుకున్నాకే బస్తా విప్పుతాం. నీళ్లు ఎన్ని పోయాలో కొలత చెప్పను. గుప్పెడు తీసి పిసికితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలే జారాలి. అరిసెల పాకం పట్టిన చేతులకు ఇది ఇట్టే తెలిసిపోతుంది. అచ్చుకి నూనె రాసి, అడుగున నీరు పోయే కన్నాల కోసం పైపు ముక్కలు నిలబెట్టి, ముద్దను రెండంగుళాల మందాన అదుముతాం. ఇదంతా ఒక పూట పని.

అసలు పాఠం ఆ తర్వాతే. "ఎండలో పెడితే తొందరగా గట్టిపడుతుంది కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇల్లు కట్టించినవాళ్లు పక్కనుంటే నాకు పని తప్పుతుంది: "స్లాబు వేశాక మడులు కట్టి నీళ్లు నిలబెట్టలేదూ?" సిమెంటు ఎండి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. బస్తా మీద 43, 53 అని గ్రేడు వేస్తారే, అది 28 రోజులకు వచ్చే బలాన్ని బట్టి ఇచ్చిన అంకె. కాబట్టి నీడన ఉంచి, రోజూ తడపాలి.

గట్టిపడ్డాక కూడా తొందర కూడదు. కొత్త సిమెంటుకి క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 దాకా ఉంటుంది. అందులోనే మట్టి నింపేస్తే మొక్క ఇనుమును సరిగా తీసుకోలేదు. లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కిపోతాయి. కుండీని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోస్తూ వారం పది రోజులు కడగాలి.

ఒక్క పూటలో అన్నీ నేర్పేస్తామనే తరగతులు ఊళ్లో చాలానే ఉన్నాయి. అక్కడ నేర్చుకునేది కుండీకి ఆకారం ఇవ్వడం. కుండీ నాలుగు వానాకాలాలు నిలవాలంటే తెలియాల్సింది మిగతా నెల పైచిలుకు పని. అందుకే మా తరగతి రెండు ఆదివారాలు, మధ్యలో నెల పైనే ఎడం. రెండో ఆదివారం కుండీలు తెచ్చి, చూపించి, మొక్కలు నాటుకుంటారు. ఫీజు మాత్రం రెండింటికీ కలిపి మొదటిరోజే తీసుకుంటాను. లేకపోతే తడిపే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి!