అంచు కోసిన ఛాయాచిత్రం

నలుపు తెలుపు క్రీడాచిత్రాలను గురించి రాసేటప్పుడు మన విమర్శకులు వెలుగునీడల పొందికనూ, కండరాల బిగువునూ మెచ్చుకొని ఊరుకుంటారు. ఆ చిత్రాన్ని అచ్చుకు పంపేముందు దాని అంచులు ఎక్కడ కోశారు, ఎందుకు కోశారు అన్న ప్రశ్న చర్చలోకి రావడం లేదు. అసలు చర్చ అక్కడే మొదలుకావాలని నా అభిప్రాయం. ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చుకోవడం శిల్పసమస్య మాత్రమే కాదు, దృక్పథసమస్య కూడా.

ఈ కోతకు భౌతిక కారణాలున్నాయి. సీసపు అక్షరాలతో పత్రికలు అచ్చయిన కాలంలో ప్రతి బొమ్మకూ జింకు బ్లాకు చేయించాలి. బ్లాకు పెద్దదయితే ఖర్చూ పెద్దదే. కాలమ్ వెడల్పులో ఒక్క ముఖం పడితే చాలుననుకునేవారు. అంచేత పదకొండుమంది ఆడిన ఆటకు ఒక్కడి తల గుర్తుగా నిలిచింది. బ్లాకులు పోయాయి, కాని అలవాటు పోలేదు. పొదుపు కోసం పుట్టిన పద్ధతి వీరారాధనకు పనికొచ్చింది గనక నిలిచింది. పైగా నలుపు తెలుపు చిత్రంలో దుస్తుల రంగూ, నేల రంగూ ముందే పోతాయి. చుట్టూ ఉన్నది కూడా కోసేస్తే ఆ ముఖం ఏ దేశానిదో, ఏ కాలానిదో తెలియని శిలావిగ్రహమవుతుంది.

దీనివల్ల జరిగే నష్టం 1968 అక్టోబరు 16న మెక్సికో నగరంలో తీసిన ఛాయాచిత్రాన్ని బట్టి తెలుస్తుంది. 200 మీటర్ల పరుగులో మొదటి, మూడవ స్థానాలు పొందిన నల్లజాతి అమెరికన్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ విజయవేదికమీద నల్ల తొడుగు వేసిన పిడికిళ్ళెత్తారు. ఆ చిత్రాన్ని నడుము దగ్గర కోస్తే బూట్లు లేని కాళ్ళు పోతాయి. నల్ల మేజోళ్ళతో వాళ్ళు నిలబడింది తమ జాతి పేదరికాన్ని లోకానికి చూపడానికి. ఒక పక్క కోస్తే రెండవ స్థానం పొందిన ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్ పోతాడు. వాళ్ళిద్దరూ పెట్టుకున్న మానవహక్కుల ఉద్యమ బిల్లనే అతడూ గుండెమీద పెట్టుకున్నాడు. కాళ్ళతో పేదరికం పోయింది, నార్మన్‌తో సంఘీభావం పోయింది. మిగిలింది కారణం తెలియని ఆవేశం. 2006లో నార్మన్ మరణించినప్పుడు శవపేటికను మోసినవారిలో ఆ ఇద్దరూ ఉన్నారు.

ఇక మనవాళ్ళ సంగతికి వద్దాం. సి.కె. నాయుడు 1895లో నాగపూరులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టాడు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదలైన మన మొట్టమొదటి టెస్టుకు ఆయనే నాయకుడు. కాని ఆ పర్యటనకు నియమించిన కెప్టెన్ పోరుబందరు మహారాజు. ఆయన తప్పుకుంటేనే నాయుడుకు అవకాశం వచ్చింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టు నాయకత్వం విజయనగరం మహారాజకుమారుడి పరమైంది. మూడు టెస్టుల్లో ఆ రాజకుమారుడు చేసిన పరుగులన్నీ కలిపి 33. నలభయ్యేళ్ళ నాయుడు అతని కింద ఆడి, ఓవల్ మైదానంలో ఒక్క ఇన్నింగ్సులోనే 81 చేశాడు.

జట్టు ఫోటోల్లో నడిమి కుర్చీ కెప్టెనుకు దక్కడం ఆచారం. అలాంటి ఫోటోలోంచి అభిమాని నాయుణ్ణి మాత్రం కత్తిరించి పెద్దది చేసుకుంటే, రాజకుమారుణ్ణి తీసెయ్యడం అభ్యుదయంగానే కనిపిస్తుంది. కాని దానితో ఒక ప్రశ్న కూడా పోతుంది: అంతటి ఆటగాడు నడిమి కుర్చీలో ఎందుకు లేడు? కుర్చీ కనిపించకపోతే, ఆటరానివాణ్ణి అందులో కూర్చోబెట్టిన భూస్వామ్య వ్యవస్థ కూడా కనిపించదు. వీరుడొక్కడే మిగిలిన చిత్రం దొరతనానికి మేలే చేస్తుంది.

అయితే ఫోటో మొత్తాన్ని ఉంచితే చాలునా? చాలదు. యథాతథచిత్రణ వేరు, వాస్తవికత వేరు. మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లోనూ కాలేజీల్లోనూ గోడలమీద ఉండే జట్టు ఫోటోలను చూడండి. కుర్చీల్లో పెద్దలు, బల్లమీద కప్పు, వెనక నిలబడో, ముందు నేలమీద కూర్చునో ఆటగాళ్ళు. ఒక్క అంగుళం కూడా కొయ్యలేదు. అయినా ఆట ఎవరిదో ఆ ఫోటో తలకిందులుగా చెబుతుంది. అక్కడ ఒక నేతగాని కొడుకు ముఖాన్నో, వేరుశెనగ చేలో కూలికి పోయే తల్లి కన్న కూతురి ముఖాన్నో దగ్గరకు తెచ్చి చూపించే కోత న్యాయమైనదే.

ముఖం చాలు, కాళ్ళతోనూ కుర్చీలతోనూ పనేమిటని శుద్ధకళావాదులు అడగవచ్చు. ముఖంలోని బిగువు దేనివల్ల వచ్చిందో ముఖమొక్కటే చెప్పలేదని నా జవాబు. కొయ్యడం తప్పు కాదు. కోసిన తరవాత ఆ మనిషి నిలబడిన నేల, పక్కనున్న తోడు, ఎదురున్న అధికారం, వీటి జాడ మిగిలిందా లేదా అన్నదే గీటురాయి.

ధర్మవరం నేతగానికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. అతని పనితనం అంచులోనూ కొంగులోనూ ఉంటుంది. అంచు కోసిన గుడ్డను అతడు చీర అనడు.

ఉపాధ్యాయులుగా మనం చెయ్యవలసిన పని ఒకటుంది. కోసిన చిత్రాన్నీ, కొయ్యని మూలచిత్రాన్నీ విద్యార్థుల ముందు పక్కపక్కన పెట్టి, ఏమి పోయిందో, అది పోవడం ఎవరికి లాభమో అడగాలి. మన బడుల ఫోటోల కింద పేర్లు రాసేటప్పుడు కుర్చీల వరసతో ఆగకూడదు. చివరి వరసలో చివరనున్న పిల్లవాడి పేరూ, మైదానంలో సున్నపు గీతలు గీసిన మనిషి పేరూ రాయాలి.