ఖాళీని కాపాడే పనితనం

లేఅవుట్ ప్లాను బల్ల మీద పరిస్తే అందరి చూపూ ప్లాట్ల మీదకే పోతుంది. మొత్తం ఎన్ని వచ్చాయి, తూర్పు ముఖం ఎన్ని, మూల బిట్లు ఎన్ని అని లెక్కపెడతారు. పట్టణ ప్రణాళికా విభాగం అధిపతి చూపు మాత్రం ముందుగా ప్లాట్లు కాని చోట ఆగాలి. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ తేలింది? పార్కుకని వదిలిన జాగా ఏ మూలకి పోయింది? పైనున్న మెట్ట నుంచి దిగే వాన నీరు ఎటు పోతుంది? మేస్త్రీ పనితనం గోడలో కనిపిస్తుంది, ఈ అధికారి పనితనం గోడ లేవని చోట ఉంటుంది. కనిపించని పని కనుక మెచ్చుకునేవాళ్ళు తక్కువ. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళను ఎదురుగా పెట్టుకుని చూస్తే అదెంత సూక్ష్మమైన విద్యో తెలుస్తుంది.

మున్సిపాలిటీలో ఈ అధిపతిని టౌన్ ప్లానింగ్ ఆఫీసరు అంటారు, కార్పొరేషన్‌లో సిటీ ప్లానరు. జిల్లాకొక టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ అధికారి, పట్టణాభివృద్ధి సంస్థలో ప్లానింగ్ విభాగం వేరు. విజయనగరం చాలాకాలం విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ (వుడా) పరిధిలో ఉంది. 2018లో వుడా స్థానంలో వి.ఎం.ఆర్.డి.ఎ. వచ్చింది. శ్రీకాకుళానికి సుడా, బొబ్బిలి కేంద్రంగా బుడా ఉన్నాయి. పేర్లు ఎన్ని ఉన్నా పని ఒకటే. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకి అప్పగించదగిన పనులు 18 ఉంటే, మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం మీద, కట్టడాల మీద నియంత్రణ. మంచినీళ్ళు, పారిశుద్ధ్యం వాటి తర్వాతే వచ్చాయి. ఆ వరస సరైనదని నా నమ్మకం. ఇళ్ళు ఎక్కడ లేస్తాయో తేలాకే కదా పైపు ఎటు వెయ్యాలో తేలేది.

ఈ విద్యకి మన వైపు వందేళ్ళ చరిత్ర ఉంది. స్కాట్లాండ్‌కి చెందిన ప్యాట్రిక్ గెడెస్ తన నగర ప్రణాళికల ప్రదర్శనని ఓడకెక్కించి మద్రాసుకి పంపితే, 1914లో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఆ ఓడని ముంచేసింది. స్నేహితులు మళ్ళీ పటాలు పోగుచేసి పంపితే 1915లో ప్రదర్శన జరిగింది. తర్వాత ఆయన ప్రెసిడెన్సీ పట్టణాల సందులన్నీ కాలినడకన తిరిగి నివేదికలు రాశాడు. ఊరిని చూడకుండా ఊరికి మందు రాయకూడదన్నది ఆయన పద్ధతి. రోడ్డు వెడల్పు పేరుతో పేటని మొత్తం కూల్చేకన్నా, అవసరమైన రెండు మూడిళ్ళు తీసి గాలి ఆడేలా చేస్తే చాలనేవాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. మాస్టర్ ప్లాను ముసాయిదా అచ్చువేసి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే ఖరారు చేసే ఆనవాయితీకి మూలం ఆ చట్టమే.

ఇక అసలు పని దగ్గరికి వస్తాను. ఉత్తరాంధ్రలో భూమిని చదవాలంటే ముందు నీటిని చదవాలి. తూర్పు కనుమలకీ సముద్రానికీ మధ్య ఉన్న సన్నటి నేల ఇది. నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని అన్నీ కొండ దిగి తొందరగా కడలిలో పడిపోయే నదులు. వాటి మధ్యలో లెక్కలేనన్ని గెడ్డలు, అంటే వాగులు. ఒక చెరువు నిండితే అలుగు మీంచి పొర్లి కింది చెరువుకి, అక్కడి నుంచి ఇంకో చెరువుకి పోయే గొలుసుకట్టు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరలో తీరం దాటింది. దసరాకి అటూ ఇటూగా నీరు తన దారి వెతుక్కుంటూ వస్తుందని ఇక్కడి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేసవిలో సైటు చూసి సంతకం పెట్టిన అధికారి సగమే చూసినట్టు.

గెడ్డ ఎలా మాయమవుతుందో చూడండి. గ్రామ పటంలో దానికి సొంత సర్వే నంబరుంటుంది, గెడ్డ పోరంబోకు అని. రెండు పక్కలా జిరాయితీ. ఏటా నాగలి ఒక జానెడు లోపలికి జరుగుతుంది. ఇరవై ఏళ్ళకి గెడ్డ సన్నటి కాలవ అవుతుంది. పొలం లేఅవుటుగా మారేనాటికి ఆ కాలవని ప్లానులో తిన్నగా గీసి ‘డ్రెయిన్’ అని రాస్తారు. గీత చక్కగా ఉంటుంది, నీరు పట్టదు. దీన్ని పట్టుకోవాలంటే పాత ఎఫ్.ఎం.బి. తియ్యాలి. క్షేత్రం కొలతల ఆ పుస్తకంలో ఒక్కో సర్వే నంబరుకి ఒక్కో పేజీ, కొలతలు లింకుల్లో. 66 అడుగుల గొలుసులో నూరో వంతు ఒక లింకు. కర్ణరేఖ, దాని మీంచి మెలిక మెలికకీ తీసిన ఆఫ్‌సెట్లు, రాళ్ళ గుర్తులు. ఇప్పటి టోటల్ స్టేషన్ సర్వే మీద ఆ పేజీని పరచాలంటే కదలని రాళ్ళు రెండు కావాలి. మూడు గ్రామాల హద్దులు కలిసే ట్రైజంక్షన్ రాయి దొరికితే అదృష్టమే. రెండు పటాలూ అక్కడ అతికితే, మాయమైన గెడ్డ ఏ ప్లాట్ల కింద ఉందో వెంటనే తేలిపోతుంది.

ఈ జిల్లాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. ఇక్కడి గ్రామాల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద ఉన్నవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వాటిలో సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. కాబట్టి ఫలానా చోటు చెరువా, బందా, శ్మశానమా అని తేల్చడానికి మొదట తియ్యాల్సింది ఆ సెటిల్‌మెంటు నాటి భూముల పుస్తకం, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. నేటి అడంగల్‌లో రాత మారినా, దాంట్లో మారదు. ప్రణాళికా విభాగానికి వచ్చిన కొత్తవాళ్ళకి ఆ పుస్తకం చదవడం నేర్పే అధిపతి దొరికితే వాళ్ళ పాతికేళ్ళ ఉద్యోగానికి అదే పునాది.

చెరువు హద్దు నిర్ణయించడం ఇంకా సున్నితం. 2017 భవన నిబంధనల్లో కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు దాటిన చెరువుకి పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న దానికి 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న గెడ్డకి 9 మీటర్లు, చిన్నదానికి 2. నదికి పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయటైతే 100. చదవడానికి తేలికే. కానీ పూర్తి నీటిమట్టం నేల మీద ఎక్కడుంది? ఏప్రిల్లో చెరువు మధ్యలో నాలుగు గుంటల నీళ్ళుంటాయి, గట్టుకీ నీటికీ నడుమ పశువులు మేస్తుంటాయి. పనితెలిసిన అధికారి సర్వేయరుని నేరుగా అలుగు దగ్గరికి తీసుకెళ్తాడు. అలుగు పైఅంచు మట్టమే చెరువు పూర్తి మట్టం. లెవెల్ మిషను అక్కడ పెట్టి, అదే ఎత్తుని చెరువు చుట్టూ మోసుకుంటూ పోతే హద్దు దానంతటదే గీసుకుంటుంది. ఈ పనికి ఒక పూట చాలు. ఆ పూట తీరిక చేసుకోకపోతే ఒక తరం మోకాల్లోతు నీళ్ళలో బతుకుతుంది.

‘ఆయకట్టే లేదు, చెరువెందుకు?’ అని పట్టణాల్లో తరచూ అడుగుతారు. చెరువు కింద పొలాలు ఇళ్ళయ్యాయి కనుక మదుం తెరిచేవాడు లేడు, నిజమే. అయితే పైనుంచి వచ్చే నీరు ఆగలేదు. పొలాలున్నప్పుడు అలుగు దూకిన నీటిని అవి పీల్చుకునేవి, ఇప్పుడక్కడ సిమెంటు ఉంది. ఆయకట్టు పోయిన చెరువుకి అలుగు దారి మునుపటికన్నా ఎక్కువ అవసరం. దీన్ని కౌన్సిలర్లకీ రైతులకీ ఒకే మాటలో అర్థమయ్యేలా చెప్పగలగడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

రోడ్ల దగ్గర ఇంకోరకం పనితనం కావాలి. లేఅవుట్ వేసినవారికి తమ పదెకరాలే కనిపిస్తాయి, రోడ్డు తమ ప్రహరీ దగ్గర ఆగిపోతే వారికి నష్టం లేదు. పక్కవారూ అలాగే వేస్తే రెండు నలభై అడుగుల రోడ్లు ఒకే గోడకి చెరోవైపు ఆగిపోతాయి. మంచి ప్లానరు బీరువాలో చుట్టుపక్కల ఆమోదించిన లేఅవుట్లన్నీ ఒకే పటం మీద అతికించి ఉంటాయి. కొత్త దరఖాస్తు రాగానే, పాత లేఅవుట్ రోడ్డు కొసకి కొత్త రోడ్డు కొస తగిలేలా నాలుగు మీటర్లు పక్కకి జరపమంటారు. యజమానికి ఒక ప్లాటు ఆకారం మారుతుంది. పదేళ్ళకి ఊరికి ఒక పెద్ద దారి దొరుకుతుంది, దాన్ని ఒకరు వేశారని చెప్పడానికి శిలాఫలకం కూడా ఉండదు.

ఖాళీ స్థలం సంగతీ అంతే. పదెకరాల లేఅవుట్‌లో పది శాతమంటే ఒక ఎకరం, 4,840 గజాలు. 200 గజాల ప్లాట్లు 24 పడతాయి. అంత విలువైనది కనుక దాన్ని త్రికోణం మిగిలిన మూలకో, కరెంటు టవరు లైను కిందకో తొయ్యడం మామూలు. పిల్లలు ఆడుకునేలా మధ్యలో, రోడ్డు ఆనుకుని, చదరంగా ఇమ్మని పట్టుబట్టడం అధికారి చేతిలో ఉంది. రోడ్లు, కాలవలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖా ఉంచుకునే హక్కునీ నిబంధనలిచ్చాయి. పనులు తనిఖీ చెయ్యకుండా ఆ తనఖా విడిపిస్తే విభాగం తన చేతిని తనే నరుక్కున్నట్టు. అనుమతిలేని లేఅవుట్లని రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు 2020లో కూడా వచ్చాయి. కొనుక్కున్న చిన్న ఉద్యోగికి అది ఊరటే, నేను కాదనను. కానీ ఆ సొమ్ముతో పార్కు తిరిగి రాదు. అక్కడ ఇళ్ళు లేచిపోయాయి.

కొన్ని హద్దులు ఏ జి.ఓ.లోనూ ఉండవు, ఊరు తెలిసినవారికే తెలుస్తాయి. అరసవల్లి సూర్యుడి గుడిలో మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం దాటి ఆదిత్యుని పాదాలు తాకుతాయి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక మూడు నుంచి ఐదు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. దిగంతం నుంచి మూడు డిగ్రీలు లేచినప్పుడు 15 మీటర్ల మేడ వేసే నీడ దాదాపు 285 మీటర్లు. అంటే గుడికి పావు కిలోమీటరు దూరాన లేచే నాలుగంతస్తుల ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. తూర్పు వైపు దరఖాస్తు వచ్చినప్పుడు ఈ చిన్న లెక్క వేసుకుని, అంతస్తుల ఎత్తు మీద మాట్లాడే ప్లానరే నా దృష్టిలో శ్రీకాకుళం మనిషి. విజయనగరంలో విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆకాశంలోకి లేచిన మాను కొసన పూజారి కూర్చుంటాడు. ఆ దారిలో వీధిలోకి పొడుచుకొచ్చిన బాల్కనీ, అడ్డంగా వేలాడే ప్రకటన బోర్డు ఏడాదిలో 364 రోజులు చిన్న ఉల్లంఘనలే, ఆ ఒక్క రోజున కాదు.

అధిపతి ఒక్కరే ఇవన్నీ చెయ్యలేరు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక వార్డుకొక ప్రణాళికా కార్యదర్శి ఉన్నారు. వాళ్ళు కొత్త పిల్లలు, పునాది తవ్వుతుండగానే చూసి ఆపగలిగేది వాళ్ళే. స్లాబు పడ్డాక వెళితే కన్నీళ్ళు, కోర్టులు. వాళ్ళకి కొలత టేపు ఇచ్చి వదిలెయ్యకుండా, కార్పొరేటరు ఫోను చేస్తే ఏం చెప్పాలో నేర్పి, ఆ మాటకి తాను వెనక నిలబడే అధికారి దగ్గర విభాగం గట్టిపడుతుంది. ప్లాన్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి, సెట్‌బ్యాకు ఒక సెంటీమీటరు తగ్గినా కంప్యూటరే తిప్పి పంపుతుంది. మంచిదే, కౌంటరు దగ్గర నిలబడే బాధ తగ్గింది. అయితే ప్లానులో గియ్యని గెడ్డని కంప్యూటరు అడగదు. దాన్ని అడిగేది సైటులో నిలబడిన మనిషే.

కాదు అనడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం. మాస్టర్ ప్లానులో నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమకి ఊదా, పార్కులకి ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ ఒక చిన్న రైతు రెండెకరాల మీద పడితే అతని కూతురి పెళ్ళి ఆగిపోవచ్చు. అందుకే అభ్యంతరాల గడువులో పటాన్ని నోటీసు బోర్డుకి అంటించి ఊరుకోకుండా, సర్వే నంబర్లతో తెలుగులో అచ్చువేయించి పంచాయతీలకి పంపాలి, తిరిగొచ్చిన ప్రతి కాగితానికీ కారణం రాయాలి. పెద్దవారి తోటకి చెప్పిన కారణం పక్కనున్న చిన్నవారి చెక్కకీ వర్తించాలి. రోడ్డు వెడల్పులో జాగా ఇచ్చినవారికి టి.డి.ఆర్. (బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కుల) బాండు ఏమిటో, దాన్ని ఎలా వాడుకోవాలో విభాగమే కూర్చోబెట్టి చెప్పాలి. ఇలా రాసిపెట్టిన ఫైలు బదిలీ తర్వాత కూడా పనిచేస్తుంది.

ఈ విద్యకి ఇప్పుడు పెద్ద పరీక్ష భోగాపురం దగ్గర జరుగుతోంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ మండలాల్లో జీడి, కొబ్బరి తోటల మధ్య హద్దురాళ్ళు లేచాయి. తీరానికి ఆనుకుని ఉన్న నేల కనుక సముద్రపు పోటు గీత నుంచి లెక్కపెట్టే సి.ఆర్.జెడ్. (తీర నియంత్రణ మండలం) హద్దు కూడా ఇక్కడ కలుస్తుంది. వి.ఎం.ఆర్.డి.ఎ. 2041 మాస్టర్ ప్లాను రంగులు కాగితం మీద ఉన్నాయి. ఇంకా మిగిలింది నేల మీది పని. ఆ గ్రామాల ఫెయిర్ అడంగళ్ళు, ఎఫ్.ఎం.బి.లు తెరిచి గెడ్డలనీ చెరువుల అలుగులనీ ఒక్కొక్కటిగా పటం మీదకి ఎక్కించాలి, పెద్ద రోడ్ల గీతలకి రాళ్ళు పాతాలి, ఆ తర్వాతే కొత్త లేఅవుట్ల దరఖాస్తులు విప్పాలి. వచ్చే అక్టోబరు లోపే మొదలుపెడితే, తుపాను నీరు ఏ దారిన వచ్చిందో చూసి గీతలు సరిచేసుకునే వీలు కూడా ఉంటుంది.