కట్టడం కాదు, విప్పడమే పనితనం

తెల్ల భాస్వరం గాలి తగిలితే అంటుకుంటుంది కాబట్టి నీళ్లలో దాచాలి. ఇంటర్‌లో అందరం బట్టీ పట్టిన ముక్కే. 2009లో కేంబ్రిడ్జ్‌లో జొనాథన్ నిచ్కే బృందం ఆ భాస్వరాన్ని పంజరం లాంటి ఒక అణువులో దాచింది. నాలుగు మూలల్లో నాలుగు ఇనుప అయాన్లు, ఆరు అంచులుగా ఆరు సేంద్రియ లైగాండ్లు (లోహాన్ని పట్టుకునే అణువులు), మధ్యలో ఒక్క భాస్వరం అణువు. నెలల తరబడి గాలిలో ఉన్నా మండలేదు. ఆక్సిజన్ దూరలేక కాదు. ఆక్సిజన్‌తో భాస్వరం కలిస్తే తయారయ్యేది ఆ పంజరంలో పట్టనంత పెద్దది! బెంజీన్ కలిపితే మాత్రం అది లోపలికి చేరి భాస్వరాన్ని బయటికి గెంటింది.

నన్ను పట్టేసింది ఆ గెంటుడే. పంజరం కట్టడం అప్పటికే తెలిసిన పని. 1995లో జపాన్‌లో ఫుజితా బృందం ఆరు పల్లాడియం అయాన్లనూ నాలుగు ముక్కోణపు లైగాండ్లనూ నీళ్లలో కలిపితే అవి వాటంతటవే పంజరమయ్యాయి. చెన్నై ఐఐటీలో దిల్లీప్ కుమార్ చాంద్ పల్లాడియంతో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సత్యేంద్రన్ రీనియంతో ఇలాంటివే కడుతున్నారు. ఈ పనిలో చిక్కంతా లోహానికీ లైగాండుకూ మధ్య బంధంతోనే. అది మరీ గట్టిదైతే తప్పుగా అతుక్కున్న ముక్క ఊడి సర్దుకోదు. మరీ వదులైతే పంజరమే నిలవదు. ఆ నడిమి బలం దొరికితే పంజరం నిలుస్తూనే ఆమ్లానికో, మరో అణువుకో స్పందించగలదు.

ఇక ఇలాంటి పంజరాల్లో మందు పెట్టే సంగతి. కేన్సర్ కణం దగ్గరే విచ్చుకుని మందు వదిలే పంజరాలు వచ్చేస్తున్నాయని పత్రికల్లో చదువుతుంటాం. మా కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి చెప్పమంటే ఎంతమంది ముందుకొస్తారో! రక్తంలో క్లోరైడు, ప్రొటీన్లు లోహం కోసం కాచుకుని ఉంటాయి. చాలా పంజరాలు గమ్యం చేరకముందే విడిపోయే ప్రమాదముంది.

చిత్తూరు వైపు డిగ్రీ కాలేజీల్లో ఈ పంజరాలు చూపించడానికి ఎన్‌ఎంఆర్ యంత్రం ఎక్కడిది? కానీ నికెల్ పరీక్ష ఉంది. అమోనియా కలిపిన నికెల్ ద్రావణంలో డైమిథైల్‌గ్లైఆక్సిమ్ (డీఎంజీ) చుక్కలు వేస్తే గులాబీ ఎరుపు అవక్షేపం దిగుతుంది. పంజరం కాదది, చదునైన అణువు. అయినా కట్టడం, విప్పడం ఇందులోనూ కనిపిస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఎరుపు కరిగిపోతుంది, ప్రోటాన్లు లైగాండును లాక్కుంటాయి. మళ్లీ అమోనియా పోస్తే ఎరుపు తిరిగొస్తుంది.

లెక్చరర్లకు ఒక్క విన్నపం. రికార్డులో ‘నికెల్ ఉంది’ అని రాయించగానే ఆ పరీక్షనాళికను కడిగేయకండి. పిల్లల చేత ఆమ్లం, అమోనియా మార్చి మార్చి పోయించండి.