కంచు పతకాల పనితనం

బంగారు పతకం లేని బాక్సర్‌ను మెచ్చుకోవడానికి మనం ఎందుకో వెనకాడతాం. నిజామాబాద్ ముద్దుబిడ్డ మహ్మద్ హుసాముద్దీన్‌నే చూడండి. తండ్రి శంసముద్దీన్ దగ్గర పాఠాలు నేర్చి, సైన్యంలో ఉద్యోగం చేస్తూ, 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచాడు. సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు కదా, అందులో గొప్పేముంది అనేవారున్నారు. మూడో స్థానానికి పోటీ ఉండదన్న మాట నిజమే. కానీ అక్కడిదాకా రావాలంటే కొద్ది రోజుల్లోనే వరుసగా గెలవాలి, బరిలో దిగే ప్రతి ఉదయమూ తన విభాగం బరువు పరిమితి లోపే తూగాలి. ఆకలిని అదుపులో పెట్టుకుంటూనే మూడేసి నిమిషాల మూడు రౌండ్లకు సత్తువ మిగుల్చుకోవడం చిన్న విద్య కాదు.

కొట్టుకోవడంలో విద్య ఏముందనే ఆక్షేపణా వింటాం. గుడ్డి బలంతో విసిరిన దెబ్బకు పాయింటు రాదు. పిడికిలి ముందుభాగం సూటిగా తగలాలి, నడుము కింద, తల వెనక కొడితే తప్పు. ఈ ఆటలో చేతికన్నా ముందు పాదం ఆలోచిస్తుంది. 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్‌లో హుసాముద్దీన్ 4-3తో గట్టెక్కాడు. మోకాలి గాయంతో సెమీస్ బరిలోకి దిగలేక కాంస్యంతో ఆగిపోయాడు. ఆ కాంస్యాన్ని అదృష్టం అనడం అన్యాయం, అది క్వార్టర్స్‌లో చెమటోడ్చి గెలుచుకున్నదే. హన్మకొండ నెహ్రూ స్టేడియంలోనైనా, మరెక్కడైనా బాక్సింగ్ చూసే వరంగల్ వాసులారా, ఈసారి పాదాల్ని గమనించండి.