దారిలో ఆదరించినవారు

పద్నాలుగు రాత్రులు సముద్రం మీద కొట్టుకుపోయిన ఓడ చివరికి ఇసుకదిబ్బకు తగిలి బద్దలైంది. అందులో ఉన్నది 276 మంది. ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. వాళ్లలో ఖైదీగా రోమాకు వెళుతున్న పౌలు ఒకడు. ఒడ్డెక్కాక గానీ అది మెలితే ద్వీపమని వాళ్లకు తెలియలేదు. ఈనాటి మాల్టా అదే.

వర్షం, పైగా చలి. ద్వీపవాసులు ముందుగా చేసిన పని నిప్పు రాజేయడం. మీరెవరు, ఏ నేరం మీద పోతున్నారు అని వాళ్లు ఆరా తీసినట్టు అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఎక్కడా లేదు. తడిసి వణుకుతున్న అందరినీ మంట దగ్గరికి చేర్చుకున్నారు. పౌలు కూడా ఊరికే కూర్చోకుండా పుల్లలు ఏరుకొచ్చి మంటలో వేశాడు. ఆ పుల్లల్లోంచే పాము వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. మన ప్రసంగాల్లో ఆ పాము గురించి చాలాసేపు వింటాం. మంట వేసినవాళ్ల సంగతి ఒక్క మాటతో దాటిపోతుంది.

ఆ గ్రంథం రాసిన లూకా అలా దాటిపోలేదు. ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి పేరు రాశాడు. అతను మూడు రోజులు తమను ఇంట్లో ఉంచుకుని ఆదరించాడని రాశాడు. అతని తండ్రి జ్వరంతో, రక్తభేదితో మంచం పట్టి ఉంటే పౌలు ప్రార్థించి స్వస్థపరిచాడని రాశాడు. మూడు నెలల తర్వాత మళ్లీ ఓడ ఎక్కేటప్పుడు ద్వీపవాసులు దారికి కావలసినవి తెచ్చి ఓడలో పెట్టిన సంగతి కూడా వదల్లేదు. ఓడలో ఎవరి ప్రాణమూ పోదని దేవుని దూత పౌలుకు ముందే చెప్పాడు. ఆ మాట దేవుడిది. ఆ మాట దక్కించిన ప్రాణాలకు వెచ్చదనం ఇచ్చిన చేతులు అన్యజనులవి. లూకా రెండూ చెప్పాడు. ఒకటి చెప్పడం కోసం రెండోదాన్ని తగ్గించలేదు.

సువార్త ప్రయాణాలు చేసేవారు లూకా దగ్గర నేర్చుకోవలసిన విద్య ఇది. మన మందిరాల్లో సాక్ష్యాల సమయంలో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘ఆఖరి బస్సు తప్పిపోయింది. చీకటి పడింది. ఎవరో ఒకాయన బండి మీద ఎక్కించుకుని ఊళ్లో దింపాడు. దేవుడే పంపించాడు, దేవునికి స్తోత్రం!’ సంఘమంతా హల్లెలూయా అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఆ విశ్వాసం మీద అనుమానమూ అక్కర్లేదు. అయితే ఆ ఒకాయన ఎవరు? తెల్లవారుజామునే పనికి పోవలసినవాడేమో. బండిలో పెట్రోలు అంతంతమాత్రంగా ఉందేమో. ఇంట్లో అతని కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారేమో. దేవుడు పంపించాడన్న మాట నిజమైతే, పంపగానే బయలుదేరిన ఆ మనిషి మనసూ నిజమే. అతని ఊసే లేకుండా సాక్ష్యం ముగిస్తే దేవుడు చేసిన మేలులో సగమే చెప్పినట్టు.

మిషనరీ విలియం కేరీ జీవితంలోనూ ఇలాంటి మనుషులు కనిపిస్తారు. 1793 నవంబరులో ఆయన కలకత్తాలో దిగాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేదు. తెచ్చుకున్న డబ్బు కొద్ది వారాల్లోనే కరిగిపోయింది. వెంట భార్య డొరతీ, నలుగురు కొడుకులు, మరదలు కిట్టీ. ఆ ఇబ్బందిలో మానిక్‌తలాలోని తన తోట ఇంట్లో అద్దె లేకుండా ఉండమన్నవాడు నీలూ దత్త్ అనే బెంగాలీ హిందువు, వడ్డీ వ్యాపారి.

1794 ఫిబ్రవరిలో ఆ కుటుంబం పడవలో సుందరవనాల వైపు బయలుదేరింది. డొరతీకి, పెద్దకొడుకు ఫెలిక్స్‌కు రక్త విరేచనాలు. పడవలో తిండి అడుగంటుతోంది. దేభట్ట దగ్గర ఒడ్డున ఒక ఇల్లు కనిపిస్తే కేరీ దిగి వెళ్లాడు. ఆ ఇంటాయన చార్లెస్ షార్ట్, కంపెనీ ఉప్పు కొఠార్లు చూసే అధికారి, క్రైస్తవ బోధ మీద నమ్మకం లేనివాడు. ముక్కూమొహం తెలియని కుటుంబాన్ని, అందులో ఇద్దరు రోగులతో సహా, తన ఇంటికి తెచ్చుకున్నాడు. సొంత గూడు ఏర్పడేదాకా ఉండమన్నాడు. తర్వాతి రోజుల్లో కిట్టీని పెళ్లి కూడా చేసుకున్నాడు.

నీలూ దత్త్‌ను కేరీ మరచిపోలేదు. సుమారు 20 ఏళ్ల తర్వాత, ఆ వ్యాపారి ఆస్తి చితికి ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, అతనికి సుఖంగా గడిచే ఆధారం చూపించాడు. ఆ మేలును దేవుడి ఖాతాలో రాసి చేతులు దులుపుకోలేదు. 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించింది ఈ కేరీయే. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయిందీ ఆయన సేరంపూరు మిషన్‌లోనే. ఒక వడ్డీ వ్యాపారి తోట ఇంటికీ, ఒక ఉప్పు అధికారి పెట్టిన భోజనానికీ తెలుగు క్రైస్తవులు కూడా రుణపడి ఉన్నారు.

గుంటూరు చరిత్రలోకి వస్తే, 1842 జులై 31న అక్కడికి చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆదరించాడని లూథరన్ సంఘానికి బాగా గుర్తు. గుర్తుండవలసిందే. అయితే ఆ కాలపు మిషనరీలను పల్లకీల్లో మోసిన బోయీలూ, వాళ్ల ఎడ్లబండ్లు తోలినవాళ్లూ, దారిలో దాహానికి నీళ్లిచ్చినవాళ్లూ చాలావరకు పుస్తకాలకు ఎక్కలేదు.

ఆదరించినవారిని సువార్తకు తెరుచుకున్న తలుపుగా మాత్రమే చూసే అలవాటు కూడా మన రాతల్లో ఉంది. మెలితేలో పొప్లి విశ్వాసంలోకి వచ్చాడని లూకా రాయలేదు. అయినా అతని ఆతిథ్యాన్ని పూర్తిగా రాశాడు. యేసు డెబ్బై మందిని ఊళ్లకు పంపినప్పుడు సంచి, జాలె, చెప్పులు వద్దన్నాడు, పెట్టింది తినమన్నాడు. ఇతరుల అన్నం మీద ఆధారపడేలాగే ఆ ప్రయాణం ఏర్పాటైంది. చెప్పడానికి వెళ్లినవాడు ముందు అతిథి.

కాబట్టి సేవకులకూ, వారి ప్రార్థన లేఖలు చదివే సంఘాలకూ ఒక విన్నపం. దేవుణ్ణి ఎంత స్తుతించినా తక్కువే, స్తుతించండి. దానితోపాటు ఆదరించినవారు ఏం పెట్టారో, ఏం మానుకుని వచ్చారో కూడా చెప్పండి. పేరు బయటపెడితే వాళ్లకు ఊళ్లో ఇబ్బంది అవుతుందనుకుంటే పేరు దాచండి, మేలు దాచకండి. ఫోన్ నంబరు మీ దగ్గరుంటే ఈ వారంలోనే ఒకసారి ఫోన్ చేయండి. ఏ కూటానికీ పిలవకండి, ఏదీ అడగకండి. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారో కనుక్కుని, ఆ రోజు వాళ్లు చేసిన సాయం మరచిపోలేదని చెప్పండి.