మా క్లాసు చదివిన ‘మైదానం’

బీరువా సర్దుతుంటే పాత అసైన్‌మెంట్ల కట్ట బయటపడింది. ఎమ్మే తెలుగు విద్యార్థులు నవల పేపరు కోసం రాసినవి. ‘నవల చదివాక మీకు కలిగిన ఆలోచనలు రాయండి’ అని నేనే అడిగాను. అడగడం ఉదారంగానే అడిగాను కానీ దిద్దేటప్పుడు మాత్రం ఇతివృత్తం, పాత్రచిత్రణ, శిల్పం, సందేశం అన్న నాలుగు గళ్ళలోనే మార్కులు వేశాను. ఆ గళ్ళలో పడని కాగితం ఒకటి కట్టలో పైనే ఉంది. ఇరవైకి ఎనిమిది. పక్కన ఎర్ర సిరాతో ‘విషయానికి సంబంధం లేదు’ అని రాసి ఉంది. చేతిరాత నాదే.

‘మైదానం’ చలం 1927లో రాసిన నవల. బ్రాహ్మణ వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో ఇల్లు విడిచి వెళ్ళి, ఊరికి దూరంగా బయలులో బతుకుతుంది. డిగ్రీ రోజుల్లో నేనీ పుస్తకాన్ని క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివాను. మీలోనూ చాలామంది అలాగే చదివి ఉంటారు. పాఠం చెప్పేటప్పుడూ ఆ పరవశం నన్ను వదల్లేదు. నాలుగు గోడలు ఒకవైపు, మైదానం ఇంకోవైపు. గోడలంటే పితృస్వామ్యం, మైదానమంటే స్వేచ్ఛ. బోర్డు మీద గీత గీసి మరీ చెప్పేదాన్ని.

ఆ కాగితం రాసిన అమ్మాయిది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. నవల పేరు చూడగానే తనకి గుర్తొచ్చింది, తెల్లారకముందే చెంబు పట్టుకుని అమ్మతో కలిసి వెళ్ళిన ఊరవతలి బయలట. దూరంగా బండి లైటు పడితే ఆడవాళ్ళందరూ గభాలున లేచి నిలబడాలి. పొద్దెక్కాక కడుపు నొచ్చినా చీకటి పడేదాకా ఆపుకోవాలి. నాలుగు గోడలు, తలుపు, ఆ తలుపుకి లోపలి గడియ. ఇవే తన కల అని రాసింది. రాజేశ్వరి వదిలేసి వచ్చింది సరిగ్గా వాటినే. అయినా తనకి ఆమె మీద కోపం రాలేదని, అంత బయలులో ఆమెకి భయం ఎందుకు వెయ్యలేదో మాత్రం తెలుసుకోవాలని ఉందని ముగించింది.

దీనికి నేను ఎనిమిది మార్కులు వేశాను.

భయం ఎందుకు వెయ్యలేదు? ఈసారి ఆ ఒక్క ప్రశ్న చేతిలో పెట్టుకుని నవల మళ్ళీ చదివాను. కథంతా రాజేశ్వరి తన స్నేహితురాలు కుందుతో చెప్పుకుంటుంది. ఆమె చూసినంత మేరకే మనం చూస్తాం. ఆ చూపులో బయలంటే అందం, కోరికకి ఆవరణ. అలాంటి చోట పుల్లలేరుకునేవాళ్ళు, పశువులు మేపుకునేవాళ్ళు ఉంటారన్న ఊహ నాకూ ఎప్పుడూ రాలేదు. గోడల మధ్య పెరిగిన కంటికే బయలు అంత ఖాళీగా కనిపిస్తుందేమో. చలాన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆడదానికి శరీరం ఉందని, దానికి కోరిక ఉందని ఆ రోజుల్లో ఆడగొంతుతోనే చెప్పించడం చిన్న తెగువ కాదు. కానీ ఆ తెగువ ఏ కులం ఇంట్లోంచి బయల్దేరిందో అడగకుండా దాన్ని స్త్రీలందరి స్వేచ్ఛ అని బోర్డు మీద రాసింది నేను. చలం రాయలేదు.

రాజేశ్వరి గర్భవతి అయినప్పుడు, అది తీయించుకోమని అమీర్ పట్టుబట్టినప్పుడు, మైదానంలోనూ గోడలు లేస్తాయి. ఈ ఘట్టాన్ని ఏళ్ళ తరబడి అమీర్ స్వార్థానికి ఉదాహరణగా చెప్తూ వచ్చాను. క్లాసులో ఆర్నెల్ల గర్భిణి ఒకామె ఉండేది. “ఆ గుడిసెలో ఇంకో ఆడమనిషి ఉంటే కథ ఇట్లనే నడిచేదా మేడమ్?” అంది. అవును, ప్రేమికుడున్నాడు, తర్వాత మీరా వస్తాడు. కుందు ఉంది కానీ వినడానికే ఉంది.

ఒక ముస్లిం అమ్మాయి రెండే పేరాలు రాసింది. రాజేశ్వరి మనసు పుస్తకం నిండా ఉంది, అమీర్ మనసు ఎవరు చెప్పారు? అతని కోపం, మోహం, ఒళ్ళు కనిపిస్తాయి. రాజేశ్వరిని ఇంట్లోంచి బయటికి తేవడం కోసమే అతన్ని పిలిచినట్టుంది అంటుంది. (ఆమెకి పద్నాలుగు వేశాను. ‘శిల్పం’ గడిలో పట్టింది కాబట్టి.) అలాంటి జంట ఇవాళ ఏ ఊళ్ళో ఇల్లు అద్దెకి అడగగలదన్న చర్చ ఆ రోజు గంట కొట్టాక కూడా ఆగలేదు. మగపిల్లల్లో ఎక్కువమంది రాజేశ్వరికి తగిన శాస్తి జరిగిందని రాశారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

1987లో వచ్చిన ఓల్గా ‘స్వేచ్ఛ’ ఈ క్లాసుకి దగ్గరగా అనిపిస్తుందనుకున్నాను. అరుణ ఇల్లు దాటడం న్యాయమా, కూతురి సంగతేమిటి అని కొట్లాడుకుంటారనుకున్నాను. కొంత కొట్లాడారు కూడా. కానీ హాస్టల్ అమ్మాయిలు ఎక్కువగా పట్టుకున్నది అరుణ ఉద్యోగాన్ని. అది ఉంది కాబట్టి గడప దాటగలిగింది, గంటల లెక్కన డబ్బులిచ్చే గెస్టు పోస్టులు మిగిలిన మాకు ఆ గడప ఎక్కడుంది అన్నారు. ఆ మాట అన్నప్పుడు మా విభాగంలోని గెస్టు లెక్చరర్ తలుపు దగ్గరే ఉంది. ఆవిడ లోపలికి రాలేదు.

పాలమూరు అమ్మాయి తర్వాతి సెమిస్టర్‌లో ఒకసారి నా గదికి వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ లైబ్రరీలోంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇందులోవాళ్ళు మన సిలబస్‌లో ఎందుకు లేరని అడిగింది. మనది నవలల పేపరు కదమ్మా అన్నాను. నిజమే, నవలల పేపరే. ఆమె పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. మార్కుల గురించి అప్పుడూ అడగలేదు.

ఈ సెమిస్టర్‌లో ‘మైదానం’ మళ్ళీ వచ్చింది. మొదటి రోజు గీత గియ్యలేదు. మీ ఊళ్ళో మైదానాన్ని ఏమంటారని అడిగాను. బయలు, బీడు, చెల్క, పోరంబోకు, దొడ్డి... ఒక్కొక్కటే బోర్డెక్కింది. చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “చెంబు పట్టుకపోయే జాగ” అంది. ఎవరూ నవ్వలేదు. అదీ రాశాను.